గేటు దగ్గర యాభై మీటర్లు

గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా, 2025 నవంబరులో, ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. లైబ్రేరియన్ గారు ఫోన్ చేసినప్పుడు ఏదో పుస్తకం మీద మాట్లాడమంటారనుకున్నాను. "కాదు టీచర్, జంక్ ఫుడ్ మీద మాట్లాడండి, తల్లిదండ్రులు చాలామంది వస్తారు" అన్నారు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. జీర్ణవ్యవస్థ బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో లెక్కే లేదు. ఆ బొమ్మలోని నోట్లోకి నిజంగా ఏం వెళ్తోందో చూడడం మొదలుపెట్టింది మాత్రం ఉద్యోగం చివరి పదేళ్లలోనే. ఆ పదేళ్లలో చూసిందీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ ఇవాళ మీ ముందు పెడతాను.

వచ్చే దారిలో బడి దగ్గర ఆగాను. గేటుకు ఎదురుగా ఉన్న కొట్టు మీకందరికీ తెలిసిందే. చూరు నుంచి దండల్లా వేలాడుతున్న ప్యాకెట్లు లెక్కపెట్టాను. ఇరవై మూడు రకాలున్నాయి. వాటిలో పంతొమ్మిది ఐదు రూపాయలవి. అరటిపళ్లు కూడా ఉన్నాయి, కాకపోతే లోపల, తూకం వెనకాల. ప్యాకెట్లు మాత్రం ఆరో తరగతి పిల్లాడి చెయ్యి అందే ఎత్తులో ఉన్నాయి.

ముందుగా ఒక పని చేద్దాం. జంక్ ఫుడ్‌ని ప్రభుత్వం నిషేధించాలి అనుకునేవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సరే, దించండి. ఈ వారంలో ఇంట్లో పిల్లలకి చిప్స్ గానీ, క్రీమ్ బిస్కెట్లు గానీ, కూల్‌డ్రింక్ గానీ కొన్నవాళ్లు ఇప్పుడు ఎత్తండి. చూడండి, దాదాపు అవే చేతులు.

మీలో ఎవరినీ తప్పుపట్టడానికి అడగలేదమ్మా. ఈ రెండు సార్లూ లేచిన చేతులు ఒకటే కావడం గురించే నేను మాట్లాడాలనుకుంటున్నాను. మనకి తెలియక కొనడం లేదు. తెలిసే కొంటున్నాం. ఎందుకు కొంటున్నామో ఒప్పుకోకుండా "నిషేధించాలి" అన్నా, "అంతా తల్లిదండ్రుల బాధ్యతే" అన్నా లాభం లేదు.

మా బడికి వచ్చే ఒక పాప తల్లి నాట్లకి వెళ్లేది. పొద్దున ఆరింటికి వెళ్తే మళ్లీ సాయంత్రమే రావడం. ఒకసారి పిలిచి, "రోజూ ఆ ప్యాకెట్ ఎందుకమ్మా కొనిస్తావు" అని అడిగాను. ఆమె ఏమందంటే, "టీచరమ్మా, పొద్దున అది లేచేసరికి నేనుండను. ఐదు రూపాయలు చేతిలో పెట్టి వెళ్తే ఆ పూటకి ఏడవదు." నా దగ్గర ఆమెకి చెప్పడానికి జవాబు లేకపోయింది. ఐదు రూపాయలకి ఆమె చిప్స్ కొనడం లేదు. తాను దగ్గర లేని లోటు కాస్త తీరుస్తోంది. తాతగారు మనవడికి కొన్నా, ఉద్యోగం నుంచి ఆలస్యంగా వచ్చిన నాన్న కొన్నా లోపలున్నది అదే. ఆ ప్యాకెట్ తయారుచేసేవాళ్లకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. కాబట్టే ధర ఐదు రూపాయల దగ్గర పెట్టారు.

మనకి దేన్ని చూస్తే భయం వేస్తుందో, దేన్ని చూస్తే వేయదో కూడా చూడండి. కిందటేడాది అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని చాలామంది ఆసుపత్రి పాలయ్యారు, ఒకామె చనిపోయింది. ఆ నెలాఖరుకే తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. ఎవరూ కాదనలేదు. 2015లో నూడుల్స్‌లో సీసం ఉందన్నప్పుడు మ్యాగీని దేశమంతా ఆపేశారు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు నిషేధం కొట్టేసింది, నవంబరులో మళ్లీ అమ్మకానికి వచ్చింది, జనం సంతోషంగా కొన్నారు. విషం అంటే మనం వెంటనే కదులుతాం. ఇరవై ఏళ్లు తీసుకుని చేసే కీడు మన కళ్ల ముందే జరుగుతున్నా కనిపించదు.

ఆ కీడు ఎంతో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనా కేంద్రంగా మొదలై 1958లో మన దగ్గరికి వచ్చింది. మొదట్లో వాళ్లు చూసింది బెరిబెరి లాంటి జబ్బుల్ని, అంటే తిండిలో ఏదో లేకపోవడం వల్ల వచ్చేవాటిని. అదే సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, దేశంలోని మొత్తం వ్యాధిభారంలో 56.4 శాతం సరైన తిండి తినకపోవడం వల్లనే అని రాసింది. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైనే అనీ, ఆ అంచున ఉన్నవాళ్లు 13 కోట్ల 60 లక్షలనీ 2023లో వచ్చిన పెద్ద సర్వే చెప్పింది. ఇక మన రాష్ట్రాల సంగతి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువున్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 24 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 36 మంది, తెలంగాణలో 30 మంది. అదే సర్వేలో ఈ రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత. ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో, బరువు ఎక్కువ, రక్తం తక్కువ. కడుపు నిండుతోంది గానీ ఒంటికి పట్టేది ఏదీ లోపలికి పోవడం లేదు.

"మరి మన జంతికలు, అరిసెలు, మిర్చిబజ్జీలు జంక్ కావా?" అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ఈ జులైలో ఏం జరిగిందో గుర్తుందా? ఆఫీసుల్లో, సంస్థల్లో నూనె, చక్కెర ఎంత ఉంటుందో తెలిపే బోర్డులు పెట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తరం రాసింది. అంతే, సమోసా మీద, జిలేబీ మీద సిగరెట్ పెట్టె మీదలా హెచ్చరిక వేస్తారట అని టీవీల్లో గోల. మన తిండిని అవమానిస్తారా అని జనానికి కోపం వచ్చింది. చివరికి ప్రభుత్వమే, మేం ఏ చిరుతిండినీ వేలెత్తి చూపలేదని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా నిజం చెప్పాలి. మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించి వేసిన బజ్జీ ఒంటికి మంచిది కాదు. స్వీటు షాపు మిఠాయి మన సంప్రదాయం అయినంత మాత్రాన అందులో చక్కెర తగ్గదు. మన ఆవకాయలో ఉప్పు కూడా ఉప్పే. ఇవేవీ దాచను.

అయితే తేడా ఉంది, అది నేను మా అమ్మ దగ్గర చూశాను. మా ఇంట్లో జంతికలు చేయాలంటే ఒక పూటంతా పని. బియ్యం నానబెట్టి, ఆరబెట్టి, మర పట్టించి, పిండి కలిపి, గొట్టంలో పెట్టి ఒత్తి, పొయ్యి ముందు రెండు గంటలు కూర్చోవాలి. అందుకని పండక్కో, ఎవరైనా ఊరి నుంచి వస్తున్నప్పుడో చేసేది. చేశాక డబ్బాలో పోసి అటక మీద పెట్టేది. మాకు సాయంత్రం బడి నుంచి రాగానే తలా రెండు. మూడోది అడిగితే "అన్నం తినే వేళయింది" అనేది. అంటే ఆంక్ష అప్పుడూ ఉంది. చేసే శ్రమ ఒక ఆంక్ష, పండగ ఒక ఆంక్ష, అమ్మ చేతిలో ఉన్న డబ్బా మూత ఇంకో ఆంక్ష. బజ్జీల బండికి కూడా అలాంటిదే ఉంది. సాయంత్రం నాలుగింటికి వస్తుంది, పిండి అయిపోతే వెళ్లిపోతుంది. నూనె ఏ రంగులో ఉందో మన కళ్లతో చూస్తాం. దాని మీద కార్టూన్ బొమ్మ ఉండదు. దాని కోసం టీవీలో సినిమా హీరో వచ్చి డాన్స్ చేయడు.

ప్యాకెట్ ఆ ఆంక్షలన్నిటినీ తీసేసింది. దానికి పండగ లేదు, వేళ లేదు, శ్రమ లేదు. డబ్బా మూత అమ్మ చేతిలోంచి పోయింది. "పిల్లల్ని అదుపులో పెట్టుకోవాలి కదా" అంటూ అమ్మని మాత్రం అలాగే నిలదీస్తున్నాం.

అదుపు అంటే ఒక పరిశోధన సంగతి చెప్పాలి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త ఇరవై మంది పెద్దవాళ్లని నాలుగు వారాల పాటు తమ కేంద్రంలోనే ఉంచుకున్నాడు. రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలు దినుసులతో వండిన తిండి. రెండింటిలోనూ వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేటట్టు చూశారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో ఒక్కొక్కరు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో కిలోకి కాస్త తక్కువగా బరువు పెరిగారు. మామూలు తిండి తిన్నప్పుడు దాదాపు అంతే తగ్గారు. వాళ్లు చిన్నపిల్లలు కాదు, పెద్దవాళ్లు, తమ మీద పరిశోధన జరుగుతోందని తెలిసినవాళ్లు. అయినా చెయ్యి ఆగలేదు. పదేళ్ల పిల్లాడి చెయ్యి ఎందుకు ఆగదని మనం కోప్పడుతున్నాం!

మా తొమ్మిదో తరగతిలో నేనొక ప్రయోగం చేసేదాన్ని. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ సీసా తెచ్చి, దాని మీద వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న పట్టీని పిల్లల చేత చదివించేదాన్ని. వంద మిల్లీలీటర్లకి సుమారు పదిన్నర గ్రాముల చక్కెర. అంటే సీసాకి ఇరవై ఆరు. ల్యాబ్‌లోని త్రాసులో అంత చక్కెర తూచి గాజు గ్లాసులో పోయించేదాన్ని. ఐదు చెంచాల పైనే అయ్యేది. పోషకాహార సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాములు దాటొద్దంటుంది. ఒకసారి ఒక పిల్లాడు అడిగాడు, "మరి అంత తీపిగా అనిపించదేం టీచర్?" ఎంత మంచి ప్రశ్నో! అందులో యాసిడ్ ఉంటుంది, గ్యాస్ ఉంటుంది, పైగా ఐసులో పెట్టి తాగుతాం. పులుపూ, చల్లదనమూ కలిసి నాలుకకి తీపిని తక్కువ చేసి చూపిస్తాయి. అదే డ్రింక్ గ్యాస్ పోయాక వేడిగా తాగి చూడమన్నాను. మర్నాడు వచ్చి, "తాగలేకపోయాను టీచర్, పాకంలా ఉంది" అన్నాడు. ఆ క్లాసులో చాలామంది తర్వాత మానేశారు. నేను మానమని ఒక్క మాట కూడా అనలేదు. చూపించానంతే.

చూపించడం ఎంత పెద్ద విషయమో మొన్న అక్టోబరులో దేశమంతా చూసింది. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇది మన హైదరాబాద్ డాక్టరు చేసిన పోరాటం.

పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ఇవ్వాలని మనందరికీ తెలుసు. దశాబ్దాల పాటు అంగన్‌వాడీ టీచర్లూ, ఆశా కార్యకర్తలూ ఇంటింటికీ తిరిగి చెప్పిన మాట అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకొన్ని లవణాలు. ఆ కొలతకి కారణం ఉంది. పేగు గోడలో గ్లూకోజూ, సోడియమూ జంటగా లోపలికి వెళ్లే దారి ఉంటుంది. అవి వెళ్తుంటే వాటి వెంట నీరు కూడా ఒంట్లోకి పోతుంది. చక్కెర బాగా ఎక్కువైతే జరిగేది తిరగబడుతుంది. పేగులోని చిక్కటి చక్కెర ఒంట్లోని నీటిని బయటికి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

మరి మొన్నటిదాకా మందుల షాపుకి వెళ్లి ఓఆర్ఎస్ అడిగితే ఏమిచ్చేవారు? రంగురంగుల పళ్ల బొమ్మలున్న టెట్రా ప్యాకెట్. దాని మీద పెద్ద అక్షరాల్లో ఓఆర్ఎస్ అని పేరు. లోపల లీటరుకి వంద గ్రాములు దాటిన చక్కెర ఉన్నవి కూడా అమ్మారు. పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఇది పట్టుకుని దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. ఉత్తరాలు రాశారు, వీడియోలు పెట్టారు, తెలంగాణ హైకోర్టుకి వెళ్లారు. మధ్యలో, "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు" అని ఒక ముక్క రాసి ఆ పేరు వాడుకోవచ్చని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అనుమతి కూడా ఇచ్చింది. ఆవిడ ఆగలేదు. చివరికి ఈ అక్టోబరు 14న ఆ అనుమతులన్నీ రద్దయ్యాయి. ఆ కొలతల్లో లేని ఏ డ్రింకూ ఓఆర్ఎస్ అనే పేరు పెట్టుకోకూడదు. ఆ వార్త చెబుతూ ఆవిడ కన్నీళ్లు పెట్టుకున్న వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏడేళ్ల కిందట మా మనవరాలికి రెండేళ్లప్పుడు విరేచనాలయితే నేనే స్వయంగా వెళ్లి అలాంటి ప్యాకెట్లు నాలుగు తెచ్చాను. షాపులో ఓఆర్ఎస్ అని అడిగితే అదే ఇచ్చారు. పిల్లకి రుచి నచ్చి తాగుతోందని సంతోషించాను. రెండో రోజుకి కళ్లు లోపలికి పోయాయి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ ప్యాకెట్ వల్లే అని నేను రుజువు చేయలేను. నేను జీవశాస్త్రం టీచర్ని. ద్రవాభిసరణ పాఠం చెబుతూ ఎండుద్రాక్షని చక్కెర నీళ్లలో వేసి చూపించినదాన్ని. అయినా ముందువైపు ఉన్న మూడు అక్షరాల్ని నమ్మి వెనక్కి తిప్పి చదవలేదు. నేనే చదవకపోతే నాట్లకి వెళ్లే ఆ తల్లి చదవాలని ఏ నోటితో చెప్పను?

అందుకే "ప్రజల్లో అవగాహన పెంచాలి" అనే మాటతో ఊరుకోవడం నాకు చేతకావడం లేదు. అవగాహన ఉన్నవాళ్లం కూడా మోసపోయేటట్టు ప్యాకెట్‌ని తయారు చేస్తున్నప్పుడు అదుపు ఎక్కడ పెట్టాలి? నా మట్టుకు నాకు ఇది తేలిపోయింది. పెద్దవాళ్లు ఏం తినాలో చట్టం చెప్పనక్కర్లేదు. అమ్మేవాళ్లు పిల్లల దగ్గరికి ఎంతవరకు రావచ్చో, ప్యాకెట్ మీద ఏం దాచకూడదో మాత్రం చట్టం చెప్పి తీరాలి.

మా మరిది దీనికి ఒప్పుకోడు. "వదినా, ప్రభుత్వం వంటింట్లోకి కూడా వస్తుందా?" అంటాడు. వచ్చి చాలా కాలమైంది. 2006 నుంచి మనం తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదు. మా చిన్నప్పుడు మెడ దగ్గర గడ్డలతో కనిపించిన మనుషులు మన పిల్లలకి కనిపించకపోవడంలో ఆ ఉప్పుకి పెద్ద వాటా ఉంది. ఎవరి స్వేచ్ఛా పోలేదు.

చిలీ అని దక్షిణ అమెరికాలో ఒక దేశం ఉంది. 2016 జూన్‌లో అక్కడ ఒక చట్టం అమల్లోకి వచ్చింది. చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు పరిమితి దాటిన ప్యాకెట్ల మీద ముందువైపు నల్లటి ఎనిమిది పలకల ముద్ర. లోపల ఏది ఎక్కువుంటే దాని పేరు, పెద్ద అక్షరాల్లో. ఆ ముద్ర పడినవి బడిలో అమ్మకూడదు. పిల్లల్ని ఉద్దేశించి ప్రకటన ఇవ్వకూడదు. అట్టపెట్టెల మీద పులి బొమ్మలూ, కార్టూన్లూ తీసేయాలి. ఏ వస్తువునీ నిషేధించలేదు, పెద్దవాళ్లు కొనుక్కోవచ్చు. మొదటి దశలోనే ఎక్కువ చక్కెర ఉన్న డ్రింకుల కొనుగోళ్లు దాదాపు 24 శాతం తగ్గాయి. పిల్లలే ఆ నల్ల ముద్ర చూసి "అమ్మా, ఇది వద్దు" అంటున్నారని అక్కడి తల్లులు పరిశోధకులకి చెప్పారు. అక్షరం రాని పిల్లకి కూడా అర్థమయ్యే ముద్ర అది.

మన దగ్గర 2022లో ముద్రకి బదులు నక్షత్రాలు ఇద్దామని ముసాయిదా తయారు చేశారు. పరీక్షలో మార్కుల్లాగా, ఎంత బాగుంటే అన్ని నక్షత్రాలు. నక్షత్రం అంటే మన పిల్లలకి మెచ్చుకోలు. అర నక్షత్రం వచ్చిన దాన్ని కూడా మెచ్చుకున్నట్టే ఉంటుంది. హెచ్చరించాల్సిన చోట నక్షత్రం ఎలా పెడతారు? ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల్లో తేల్చమని కోర్టు ఈ ఏప్రిల్‌లో చెప్పింది. ఇవాళ్టికీ మన ప్యాకెట్ ముందువైపు హెచ్చరిక లేదు.

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. డెన్మార్క్ 2011లో కొవ్వు మీద పన్ను వేస్తే జనం సరిహద్దు దాటి వెళ్లి వెన్న కొనుక్కొచ్చారు. ఏడాది దాటగానే ఎత్తేశారు. కేరళ 2016లో బ్రాండెడ్ హోటళ్లలో పిజ్జా, బర్గర్ల మీద 14.5 శాతం వేసింది. మరుసటి ఏడాది జీఎస్టీ వచ్చి అది కలిసిపోయింది. మెక్సికోలో కూల్‌డ్రింకుల మీద లీటరుకి ఒక పెసో వేస్తే మాత్రం కొనడం తగ్గింది. ఇక మన సంగతి. ఈ సెప్టెంబరు 22 నుంచి కూల్‌డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం. మంచిదే. అదే రోజు నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, నూడుల్స్, మిక్చర్ లాంటి నమ్కీన్లు, ఐస్‌క్రీమ్ అన్నీ 12, 18 శాతాల నుంచి 5 శాతానికి దిగాయి. సామాన్యుడికి ధర తగ్గాలన్న ఉద్దేశాన్ని నేను కాదనను. కానీ ఈ జనవరిలో కేంద్ర ఆర్థిక సర్వేలోనే ఫ్యాక్టరీ తిండి మీద పన్ను పెంచాలని రాసి, సెప్టెంబరులో తగ్గించడం నాకు బాధ కలిగించింది.

ఇప్పుడు మన గేటు దగ్గరికి వద్దాం. చాలామందికి తెలియని మాట ఒకటి చెబుతాను. బడి పిల్లల తిండి మీద మనకి ఇప్పటికే చట్టం ఉంది. 2010లో ఒక స్వచ్ఛంద సంస్థ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. 2015లో కోర్టు నియమాలు తయారు చేయమంది. 2020లో అవి వచ్చాయి, 2021 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తిండిని బడి క్యాంటీన్‌లో గానీ, బడి గేటు నుంచి యాభై మీటర్ల లోపల గానీ అమ్మకూడదు, బడిలో వాటి ప్రచారం చేయకూడదు. నాలుగేళ్లు దాటింది. మా బడి స్టాఫ్ రూమ్‌లో ఈ నియమం గురించి ఒక్క కాగితం వచ్చినట్టు నాకు గుర్తులేదు. పైగా ఆగస్టు పదిహేనుకి ఆటల పోటీల్లో గెలిచిన పిల్లలకి మేమే చిప్స్ ప్యాకెట్లు బహుమతిగా ఇచ్చాం. నా చేతులతో నేనే ఇచ్చాను. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది.

కాగితం మీది నియమం ఏం చేస్తుందంటారా? సిగరెట్ల చట్టం 2003లో వచ్చింది, బడికి వంద గజాల లోపల అమ్మకూడదని. మా గేటు పక్కన పాన్‌షాపు చాలా ఏళ్లు అలాగే ఉంది. ఆ తర్వాత ఒక హెడ్మాస్టరు గారు, లెక్కల మాస్టారు కలిసి కొలిచి, గోడ మీద పసుపు గీత గీయించి, పోలీసు స్టేషన్‌లో కాగితం ఇచ్చారు. నెల తిరక్కుండా షాపు జరిగింది. ఎవరో ఒకరు కొలవాలి.

అయితే కొట్టు నడిపే ఆయన కూడా మన ఊరివాడే. ఆయనతో మొన్న అరగంట కూర్చుని మాట్లాడాను. ఇదివరకు ఆయన జామకాయలు, రేగుపళ్లు, మరమరాల ఉండలు అమ్మేవాడు. ఎందుకు మానేశావు బాబాయ్ అంటే లెక్క చెప్పాడు. "జామకాయ సాయంత్రానికి అమ్ముడుపోకపోతే మర్నాడు పారేయాలి. ప్యాకెట్ నాలుగు నెలలుంటుంది. కంపెనీ బండి వారానికి రెండుసార్లు వస్తుంది. పాతబడినవి తీసుకుపోతారు. దండలు వాళ్లే కట్టిపోతారు, ఫ్రిజ్ కూడా వాళ్లే ఇచ్చారు. జామకాయల వాడు నాకు ఫ్రిజ్ ఇస్తాడామ్మా?" ఇందులో ఆయన తప్పేముంది? ఆయన్ని దోషిని చేసి పోలీసుల్ని పంపిస్తే నేను ఒప్పుకోను.

అందుకే డ్వాక్రా సంఘం వాళ్లతో కూడా మాట్లాడాను. పల్లీ పట్టీలు, వేయించిన శనగలు, మరమరాల ఉండలు చిన్న పొట్లాల్లో కట్టి ఐదు రూపాయలకి ఇవ్వగలం అన్నారు. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం కింద చిక్కీ ఇస్తే పిల్లలు వదలకుండా తినడం మనం చూశాం కదా. వాళ్ల అడ్డంకి ఒక్కటే. అమ్ముడుపోనివి వెనక్కి తీసుకునే స్తోమత లేదు. నెలకి అయ్యే నష్టం లెక్కేస్తే వెయ్యి రూపాయల లోపే తేలింది. ఈ గదిలో ఉన్నవాళ్లం నెలనెలా తలా ఇరవై వేసుకుంటే మొదటి ఆరు నెలలు గడిచిపోతాయి.

ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

వెనక నుంచి పెద్దాయన అడుగుతున్నారు, బజ్జీల బండి కూడా జరపాల్సిందేనా అని. యాభై మీటర్ల లోపల, బడి వేళల్లో ఉంటే జరపాల్సిందేనండి. నాకు బజ్జీలంటే ఇష్టమే, అయినా నియమం అందరికీ ఒకటే ఉండాలి. సాయంత్రం సెంటర్లో పెట్టుకుంటే మీరూ నేనూ వెళ్లి తిందాం.

ముందు వరసలో పాప చెయ్యెత్తింది. చెప్పమ్మా. "టీచర్, మా నాన్నదే ఆ కొట్టు. ప్యాకెట్లు తీసేస్తే కంపెనీవాళ్లు ఫ్రిజ్ పట్టుకుపోతారు కదా?" పట్టుకుపోవచ్చు తల్లీ. నేను దాచను. ఆ ఫ్రిజ్ గురించి మీ నాన్నతో నేను ఇంకా మాట్లాడాలి. సంఘం వాళ్లని కూడా వెంటబెట్టుకుని ఆదివారం మీ ఇంటికి వస్తాను. ఆయన ఒప్పుకున్నాకే ఎవరి దగ్గరికైనా కాగితం తీసుకెళ్తాం.

కొలవడం మాత్రం ఆపొద్దు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి, బెల్లు కొట్టకముందే గేటు దగ్గర ఉంటాను. బడిలో లాంగ్‌జంప్ కొలిచే టేపు అడిగి పెట్టాను. అది ముప్పై మీటర్లదే, రెండుసార్లు లాగాలి. అవతలి కొస పట్టుకోవడానికి ఒకరు కావాలి.